పాట చివర పలికిన పేరు

సంగీతాభిమానులు ఇద్దరు కలిసికొన్నచో, కుశలప్రశ్నల వెంటనే వారి నోట వచ్చు ప్రశ్న యొకటి కలదు: "ఈ మధ్య ఏమి వినుచున్నారు?" ఒకరు ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు ప్లేటు దొరకినదందురు, ఇంకొకరు బృంద, ముక్త పాడిన క్షేత్రయ్య పదము నెలదినములుగా విడువలేకున్నామందురు. చూచుటకు ఈ ప్రశ్న మిక్కిలి చిన్నది. కాని మన తాతల తాతలకు ఈ ప్రశ్న యర్థమే కాకపోయెడిది. ఆ కాలమున "ఎవరిని వింటిరి? ఎక్కడ వింటిరి?" అని యడుగవలసినదే. పాడువారు పాడుచున్నంతసేపే పాట. తంబురా క్రింద పెట్టినతోడనే అది విన్నవారి మనసులలో తప్ప మఱెక్కడను లేదు. పాటను పెట్టెలో దాచుకొని తీఱిక వేళ మఱల వినుట, పొరుగింటివారికి ఎరువిచ్చి వారి వద్దనున్నది తెచ్చుకొనుట, గ్రామఫోను వచ్చిన పిదప కలిగిన మర్యాద. ఆ మర్యాద యెట్లు పుట్టినదో, దానివలన మన గృహములకు కలిగిన లాభమేమో, ఆ లాభమునకు మూల్యము చెల్లించినవారెవరో విచారించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

ఈ విచారము నాకు కలుగుటకు అమీరుపేటలో జరిగిన చిన్న సంగతి యొకటి కారణము. అమీరుపేట, పంజాగుట్ట లనగానే నేటివారికి కంప్యూటరు శిక్షణాలయముల పేరుపలకలును, విద్యార్థుల హాస్టళ్లును, తలపైన సాగిపోవు మెట్రో రైలును జ్ఞప్తికి వచ్చును. ఆ సందడికి రెండు సందుల లోపల, పాత యిండ్లలో, ఆదివారమునాడు నలుగురైదుగురు చేరి పాటలు వినెడి యలవాటు ఇంకను నిలిచియున్న చోట్లు కలవు. మా బంధువుల యింట అట్టి కూటమునకు నేనొకసారి పోయితిని. ప్రతివారును తాము ఆ వారము విన్నదానిలో నొకటి తెచ్చి తక్కినవారికి వినిపించుట అచటి పద్ధతి. ఒకరు పాత ప్లేటునుండి ఎక్కించిన హిందూస్థానీ పాట వినిపించిరి. గరగర చప్పుడు నడుమనుండి సన్నని స్త్రీకంఠము వెలువడినది. కాలేజీలో చదువుచున్న మా మేనకోడలు, "పెదనాన్నగారూ, పాడుచున్న ఆమె యెవరండీ?" అని యడిగెను. పెదనాన్నగారు సంగీతము తెలిసినవారు, మంచివారు. అయినను ఆయన, "ఎవరో ఆ కాలపు భోగముది అమ్మా, పేరుతో నీకేమి పని? రాగము విను" అనిరి. మేనకోడలు ఊరకుండెను. మూడు నిమిషములలో పాట ముగిసినది. ముగిసినతోడనే ఆ కంఠమే, పాట విడిచి మాటలాడు ధోరణిలో, తన పేరు గౌహర్ జాన్ అని ఇంగ్లీషున స్పష్టముగా చెప్పినది. ఆ గదిలోనివా రెవ్వరును కొంతసేపు మాటలాడలేదు.

ఆమె పేరు చెప్పుటకు కారణము తెలియవలెనన్న, ఆ యంత్రము కథ కొంచెము తెలియవలెను. పలికిన మాటను పట్టి మఱల పలికించు యంత్రమును ఎడిసన్ 1877 లో కనిపెట్టెను. బెర్లినర్ 1887 లో బల్లపరుపుగా నుండు గుండ్రని ప్లేటుతో గ్రామఫోనును కల్పించెను. ఒక్క అచ్చునుండి వేలకొలది ప్లేట్లు ఒత్తుటకు వీలుండుటచే ఈ రెండవదియే లోకమంతట వ్యాపించినది. ప్లేటునకు ముఖ్యద్రవ్యము లక్క. హైదరాబాదు లాడ్ బజారులో ఏ లక్కతో గాజులు చేయుదురో, ఆ లక్కయే మన యడవుల చెట్లకొమ్మలనుండి సేకరింపబడి, శుద్ధిపడి, విదేశములకు పోయి, పాటయై మన యిండ్లకు తిరిగి వచ్చినది.

1902 నవంబరులో ఫ్రెడ్ గైస్బర్గ్ అను నిపుణుడు గ్రామఫోను కంపెనీ పక్షమున కలకత్తాకు వచ్చి మన దేశపు పాటలు పట్ట మొదలిడెను. పేరుగల ఉస్తాదులు పలువురు ఆ యంత్రము ముందు పాడుటకు సంశయించిరి. గొంతు చెడునని కొందఱు, గురుముఖమున వచ్చిన విద్య అంగడి సరకగునని కొందఱు వెనుదీసిరి. ముందునకు వచ్చినవారు రంగస్థలమున, కొలువులలో, మేజువాణీలలో పాడి జీవించు స్త్రీలు. వారిలో మేటి గౌహర్ జాన్. అప్పటికి మైక్రోఫోను లేదు. విద్యుత్తుతో పాటలు పట్టు పద్ధతి 1925 లో గాని రాలేదు. గోడనుండి పొడుచుకొని వచ్చిన పెద్ద కొమ్ములోనికి ముఖము పెట్టి, ఊపిరి బిగబట్టి, నిర్ణీతమైన నిమిషములలో పాట ముగింపవలెను. ఆ యచ్చులు ఓడనెక్కి జర్మనీలోని హానోవరు కర్మాగారమునకు పోయెడివి. 1908 లో కలకత్తా సియాల్దాలో కర్మాగారము ఏర్పడువఱకు ఇదియే క్రమము. హానోవరు పనివారికి మన భాషలు తెలియవు గనుక, ఏ పాట యెవరిదో గుర్తించుటకై పాట చివర గాయని తన పేరు తానే చెప్పుట యాచారమయ్యెను.

పనివారి సౌకర్యము కొఱకు పుట్టిన యీ యాచారమునందు మనము గమనింపవలసిన విశేషము వేఱొకటి కలదు. ఆ కాలమున మన కుటుంబస్త్రీ పేరు నలుగురిలో పలుకుటయే మర్యాద కాదు. ఆమె ఫలానావారి కోడలు, ఫలానావారి భార్య, ఫలానా పిల్లవాని తల్లి. బడి రిజిస్టరున ఆమె పేరు లేదు. ఆస్తి దస్తావేజులో తఱుచుగా లేదు. అట్టి దినములలో ఒక స్త్రీ, కన్ను చూడని దేశమువారికి వినబడునట్లు, తన పేరు తాను చెప్పెను. పాట యెంత ముఖ్యమో ఆ పేరును అంత ముఖ్యమని నాకు ఆనాడు అమీరుపేటలో తోచినది.

దక్షిణదేశమందును చరిత్ర యిట్లే నడచినది. సేలం గోదావరి, కంచి ధనకోటి అమ్మాళ్, కోయంబత్తూరు తాయి, బెంగుళూరు నాగరత్నమ్మ మొదలగువారు 20వ శతాబ్దపు తొలి యేండ్లలో ప్లేట్లకు పాడిరి. వీరందఱును దేవదాసీ కుటుంబములందు పుట్టినవారే. వీరి యూళ్లు తమిళ కన్నడ దేశములవి. వీరు పాడిన త్యాగరాజకృతులు, క్షేత్రయ్య పదములు, జావళీలు తెలుగువి. యంత్రముఖమున మన భాషను తొలుత పరదేశములకు వినిపించిన కంఠములు పెక్కు వీరివని మనము కృతజ్ఞతతో తలపవలెను. కోయంబత్తూరు తాయి ప్లేట్లు విని ముగ్ధుడైన మారిస్ దెలాజ్ అను ఫ్రెంచి స్వరకర్త, 1912-13 లో తాను కూర్చిన నాలుగు హిందూగీతములలో ఆ గానరీతిని తన దేశపు కంఠములచే పలికింప యత్నించెను.

ప్లేటు నిమిషమునకు 78 మారులు తిరుగును. 10 అంగుళముల ప్లేటున ఒక ప్రక్క పట్టునది మూడు నిమిషములకు కొంచెము పైన. గంటసేపు పరచుకొను రాగమును అంతలో నిముడ్చుట సంగీతమున కపచారమని కొందఱు పండితులు గొణిగిరి. ఆ మాట కొంత నిజమే. తోడిగాని కల్యాణిగాని మెల్లగా పెరుగు చెట్టు. దానిని గాజుకుప్పెలో పెంచజాలము. కాని ఈ గాయనులు ఆ యిఱుకునందే క్రొత్తనేర్పు సాధించిరి. మొదటి దీర్ఘమునందే రాగస్వరూపము కన్నులకు కట్టించి, పల్లవిని రెండు మూడు సంగతులలో వెలిగించి, ముల్లు చివరి గీత చేరకమునుపే చరణము ముగించి, పేరు చెప్పెడివారు. అల్పకాలమున అనల్పార్థము చెప్పుట కవిత్వమున గుణమైనప్పుడు గానమున దోష మెట్లగును?

ఇక ఈ ప్లేటు మన గృహములందు చేసిన మేలు. అంతకు పూర్వము మంచి సంగీతము వినవలెనన్న జమీందారుల కొలువునకో, దేవళపు మండపమునకో, ధనికుల యింటి పెండ్లిమేళమునకో పోవలెను. ఆ చోట్ల కుటుంబస్త్రీకి ప్రవేశము లేదు, ఉన్నచో తెరచాటున. గ్రామఫోను వచ్చిన పిదప, మధ్యాహ్నపు వంటపని తీఱినవేళ, ఆమెయే పెట్టెకు కీ యిచ్చి, ముల్లు మార్చి, తనకు వలసిన పాట పెట్టుకొనగలిగినది. అర్థము కాని సంగతిని మఱల వినగలిగినది. గురువును పిలిపించు స్తోమతు లేని యిండ్ల ఆడపిల్లలు ప్లేటుతోపాటు పాడి పాడి కృతులు నేర్చిరి. పదిమంది యెదుట పాటను మెచ్చుటకే సిగ్గుపడవలసిన యిల్లాలు, పొరుగింటి యిల్లాలితో "మీ ప్లేటు రెండుదినము లీయుడు, మాది తీసికొనుడు" అనుటకు నేర్చినది. సంగీతాభిరుచి విషయమున స్త్రీకి స్వాతంత్ర్య మిచ్చిన పనిముట్లలో ఈ లక్కప్లేటొకటి.

అయితే ఇందలి యన్యాయమును కూడ చెప్పక తప్పదు. ఏ గాయని కంఠమును నడింటిలో పెట్టుకొని యిల్లాండ్రు పాట నేర్చిరో, ఆ గాయని స్వయముగా వచ్చినచో ఆ యింటి గడప దాటనిచ్చెడివారు కారు. పెట్టెలోనుండి గొంతు రావచ్చును. వీధిలోనుండి మనిషి రాకూడదు. పాట పెద్దలది, త్యాగరాజస్వామిది, పాడినది మాత్రము "ఎవరో భోగముది." మా పెదనాన్నగారి మాట ఆయన సొంతమాట కాదు, నూఱేండ్లుగా పెద్దమనుషుల యిండ్లలో వాడుకపడిన మాట.

సంస్కారప్రియులమైన మనము ఈ విషయమున మన పెద్దల పనిని గూడ నిష్పక్షపాతముగా తూచవలెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874 లో "వివేకవర్ధని" స్థాపించి, వేశ్యాసాంగత్యమును, శుభకార్యములందలి భోగముమేళములను ధైర్యముతో ఖండించిరి. ఆ ఖండనము కావలసినదే. పసిపిల్లలను దేవుని పేర ధనికుల సుఖమునకు అప్పగించు దురాచారమును ఏ వివేకి సమర్థించును? కాని దురాచారమును పెఱికివేయునప్పుడు, దాని నీడలోనే పెరిగిన విద్యను వేఱుచేసి కాపాడవలెనను జాగ్రత్త మన పెద్దలకు చాలినంత లేకపోయినది. శిక్ష పడినది ఆచారమును పోషించిన పురుషునకు కాదు, పాడిన స్త్రీకి.

ఇందుకు నాగరత్నమ్మ చరిత్రయే నిదర్శనము. తంజావూరు ప్రతాపసింహుని కాలపు కవయిత్రి ముద్దుపళని రచించిన "రాధికాసాంత్వనము"ను ఆమె పరిష్కరించి 1910 లో అచ్చు వేయించెను. ముద్దుపళనిని పంతులుగారు అంతకుమునుపే తమ కవిచరిత్రలో నిందించియుండిరి. నాగరత్నమ్మ తన పీఠికలో ఆ నిందను ప్రశ్నించి, పురుషులు వ్రాసిన ప్రబంధములలో లేని శృంగార మిందేమున్నదనియు, సిగ్గు స్త్రీలకు మాత్రమే విధింపబడినదా యనియు భావము వచ్చునట్లు వ్రాసెను. ప్రభుత్వము గ్రంథమును నిషేధించెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారి మంత్రివర్గ కాలమున గాని ఆ నిషేధము తొలగలేదు. ఆ నాగరత్నమ్మయే తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిస్థలమును సంపాదించి, తన యార్జనముతో మందిరము కట్టించెను. అచటి ఆరాధనలో స్త్రీలకు పాడుట కవకాశము లేకపోగా, స్త్రీలతో వేఱుగా ఆరాధన జరిపి, చివరకు వారికి స్థానము సంపాదించెను. నేడు ప్రతి పుష్యబహుళ పంచమినాడు తిరువయ్యారు గానమును వినువారిలో, ఆ నేల యెవరి గాజులమ్మి కొన్నదో తెలిసినవారెందఱు?

దేవదాసీ సమర్పణ నిషేధ విషయమున స్త్రీలే రెండు పక్షములై వాదించుకొనిరి. 1927 లో మద్రాసు శాసనసభలో ప్రవేశించిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి, తన తల్లి ఆ కుటుంబమునందే పుట్టినది గనుక, ఆ బాధను దగ్గఱనుండి యెఱిగి నిషేధము కొఱకు పాటుపడెను. మన తెలుగుదేశమున కళావంతుల కుటుంబమునందు పుట్టిన యామినీ పూర్ణతిలకమ్మయు సంస్కారపక్షమున పనిచేసెను. నాగరత్నమ్మ మొదలగు గాయనులు, అందఱను ఒక్క మాటతో పతితలని నిర్ణయించు చట్టము తమ విద్యను, ఆస్తిని, గౌరవమును హరించునని ఎదిరించిరి. మద్రాసు రాష్ట్రమున 1947 లో చట్టమైనది. తెలంగాణమున జోగిని యను పేర సాగిన యాచారమును గూడ నిషేధించుచు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1988 లో మఱల చట్టము చేయవలసివచ్చినది. చట్టము న్యాయమే, కొన్ని పల్లెలలో నేటికిని దానిని కావలి కాయవలసినదే. అయినను బాలికను విడిపించుట వేఱు, ఆమె తల్లి పేరును తుడిచివేయుట వేఱు. మొదటిది సంస్కారము. రెండవది కృతఘ్నత.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 1932 లో డి.కె. పట్టమ్మాళ్ మద్రాసు రసికరంజని సభలో కచేరి చేయుటతో, గౌరవకుటుంబములనబడు వానిలోని స్త్రీలకును వేదిక తెఱవబడినది. వీణ ధనమ్మాళ్ వృద్ధాప్యమున తన వీణను ప్లేట్లకెక్కించి 1938 లో గతించెను. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి "వేంకటేశసుప్రభాతము" రికార్డు 1963 లో వచ్చి, తెలుగువారి తెల్లవారుజామునకు అలవాటైపోయినది. ఆమె పేరు ముందటి యక్షరములను విచారించినవారు తక్కువ. మొదటిది మధుర యను ఊరు. రెండవది తండ్రి పేరు కాదు, తల్లి పేరు: వీణావిదుషి షణ్ముఖవడివు. తల్లిపేరు తలపై దాల్చిన ఆ యక్షరమును మనము ప్రతిదినము ఇంట పలుకుచునే యున్నాము.

ఇప్పుడు మఱల అమీరుపేటకు వత్తము. 1956 నవంబరు 1 న ఆంధ్రప్రదేశ్ అవతరించి, రాజధాని కర్నూలునుండి హైదరాబాదునకు మాఱినప్పుడు ఉద్యోగికుటుంబములు పెక్కు ఈ నగరమునకు తరలివచ్చినవి. అప్పటికి ఊరిచివరలైన పంజాగుట్ట, ఎర్రమంజిల్, అమీరుపేటల చుట్టు సర్కారు క్వార్టర్లును కాలనీలును క్రమముగా పెరిగినవి. అమీరుపేట చెంత వెలసిన సారథీ స్టూడియోలో తయారై 1959 లో "మా ఇంటి మహాలక్ష్మి" చిత్రము వెలువడినది. ఇట్లు వచ్చిన వారు 1948 లో వెలసిన విజయవాడ రేడియో కేంద్రపు కర్ణాటకగానమునకు అలవాటుపడినవారు. హైదరాబాదువారు డెక్కన్ రేడియో నాటినుండి ఖయాలు, ఠుమ్రీ, గజలు విన్నవారు. పొరుగు పొరుగున కాపురముండుటచే ఒకరి చెవి ఒకరికి ఎరువైనది. బడే గులాం అలీ ఖాన్ తన కడపటి దినములు ఈ నగరముననే గడపి 1968 లో బషీర్‌బాగ్ ప్యాలెసులో కన్నుమూసెను. అబ్దుల్ కరీం ఖాన్ త్యాగరాజకృతిని ఖరహరప్రియలో పాడిన ప్లేటు కలదు. మహారాష్ట్రమున స్థిరపడిన ముసల్మాను గాయకుడు తెలుగుకృతి పాడుట విని ఈ నగరపు రసికులు ఇరువాగులవారును తమదే యనుకొందురు. "ఏమి వినుచున్నారు?" అను ప్రశ్నకు ఇంత విశాలమైన జవాబు హైదరాబాదున దొరకును.

ప్లేట్ల కాలము 1970 ప్రాంతమునకు ముగిసినది. పిమ్మట క్యాసెట్టు వచ్చినది. రేడియోలో వచ్చిన కచేరీని ఇంటనే ఎక్కించి మిత్రుల కిచ్చుట సులభమైనది. నేడు చేతిలోని ఫోనున ఒక వ్రేలు కదలించినచో అమెరికాలోని అల్లునికి అరక్షణమున పాట చేరును. వస్తువు సులభమైనకొలది పేరు జాఱిపోవుచున్నది. ప్లేటుపై చీటీ యుండెడిది; పాడినవారి పేరు దానిపై నచ్చయి యుండెడిది. క్యాసెట్టుపై "పాతపాటలు - స్త్రీ గాత్రము" అని పెన్సిలుతో వ్రాయుదురు. ఫోనులో వచ్చు పాటకు ఆ పెన్సిలు వ్రాతయు నుండదు. ఒక్క సుబ్బులక్ష్మిగారి పేరు మాత్రము ఎవరు పాడినదానికైనను తగిలింతురు. వేలకొలది 78 ప్లేట్లను కూర్చి, ప్రతి పాటకు పాడినదెవరో కట్టినదెవరో విచారించి వ్రాసిన వి.ఎ.కె. రంగారావుగారివంటి వారి శ్రమ యెంత విలువైనదో ఇప్పుడు తెలియుచున్నది.

కావున సంగీతాభిమానులైన గృహస్థులకును గృహిణులకును నా మనవి యొకటే. పాట పంచుకొనునప్పుడు పేరు కూడ పంచుకొనుడు. ఇంటి యటకపై ప్లేట్లున్నచో తుడిచి, చీటీలు చదివి, ఒక నోటుపుస్తకమున ఎక్కించుడు. పాడినవారి పేరు, ఊరు, వాద్యమువారి పేరు, దొరకినచో సంవత్సరము వ్రాయుడు. పిల్లలు "పాడినదెవరు?" అని యడిగినప్పుడు, కులము చెప్పి నోరు మూయింపక, పేరు చెప్పి కథ చెప్పుడు. పేరు తెలియనిచో కలిసి వెదకుడు.

ఆ ఆదివారము పాట ముగిసిన పిమ్మట పెదనాన్నగారు కొంతసేపటికి, "మఱల పెట్టండి" అనిరి. రెండవమారు ఆయన చివరివఱకు తల వంచుకొని వినిరి. పేరు వినబడినప్పుడు మా మేనకోడలిని పిలిచి, "వ్రాసికొనుమమ్మా" అనిరి. ఆమె అప్పటికే వ్రాసికొనియుండెను.